మంచోడన్న పేరు

వడ్ల కొనుగోళ్ల రోజుల్లో మన బెజ్జంకి పక్క ఏ కొనుగోలు కేంద్రానికి పోయినా వినబడే మాట ఒకటే: "మాచర్ ఎంతొచ్చింది?" తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. వడ్లు తెచ్చింది ఊరి పెద్దమనిషైనా, కౌలు రైతైనా, గుప్పెడు గింజలు మిషన్‌లో పోయాల్సిందే. దానికి పేర్లు తెలియవు.

మనకేమో పేర్లే ముందు గుర్తొస్తాయి. ఇద్దరి పంచాయితీ మీ ముందుకొచ్చిందనుకోండి. ఒకరు ప్రతి ఆదివారం మందిరంలో ముందు కూర్చునే మనిషి. ఇంకొకరికి తాగుతాడని పేరు. సంగతి పూర్తిగా వినకముందే మీ మనసు ఎటు మొగ్గింది? లేక, ఎంత చెప్పినా ఎవరూ నమ్మని ఆ రెండో మనిషి మీరేనా? చెప్పి చెప్పి అలసిపోయారా?

బైబిలులోని హన్నాను తలచుకోండి. షిలోహులో ఆమె పెదవులు మాత్రమే కదుపుతూ, ఏడుస్తూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ తాగిందనుకున్నాడు. మందిరానికి పెద్ద ఆయనే, పొరబడిందీ ఆయనే. కానీ ఆమె గోడు చెప్పుకుంటే విన్నాడు, దీవించి పంపాడు. దీని నుంచే యూదుల బోధల గ్రంథమైన తల్మూదులో గురువులు ఒక కట్టడి నేర్చుకున్నారు: తప్పు చేయని మనిషిని అనుమానిస్తే వాళ్ల మనసు కుదుటపరచాలి, ఆపైన దీవించాలి కూడా.

తల్మూదులోనే ఇంకో సంగతి. యోసే కొడుకు రబ్బీ ఇష్మాయేలుకు ఆయన తోట కౌలుదారే ప్రతి శుక్రవారం బుట్టెడు పండ్లు తెచ్చేవాడు. ఒకసారి గురువారమే తెచ్చాడు. తనకో తగవుందని, ఎలాగూ వస్తున్నానని తెచ్చానన్నాడు. రబ్బీ బుట్ట ముట్టలేదు. తీర్పు చెప్పనని వేరే ఇద్దరికి అప్పగించాడు. అయినా విచారణ సాగుతుంటే, 'ఇతను ఇట్లా వాదిస్తే గెలుస్తాడు కదా' అని ఆయన మనసు కౌలుదారు వైపే లాగింది. తీసుకోని పండ్లు, తీసుకున్నా తన తోటవే! అంతటి నీతిపరుడు తన మనసు వంగడాన్ని తానే పట్టుకుని భయపడ్డాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది అక్కడే. నేను న్యాయంగానే ఉంటానన్న ధీమా ఉంటే మనం లోపలికి తొంగి చూడం.

మనసు ఎటు వంగినా తప్పే. లేవీయకాండము 19:15 బీదవాడని పక్షం వహించవద్దంటుంది, గొప్పవాడని మొగ్గవద్దనీ అంటుంది.

నేస్తమా, ఏలీ పొరబడిన ఆ గడియలోనూ దేవుడు హన్నా మొర వింటూనే ఉన్నాడు. మిమ్మల్నీ వింటున్నాడు. మీ మంచితనం ఊరందరికీ రుజువు చేసే బరువు ఆయనకు వదిలేయండి. ఎవరు ఎలాంటివారో తేల్చే బరువు కూడా.

ఈ రోజుకు ఇలా అనుకుందాం: పేరు చెడ్డ మనిషి మాట అడ్డు రాకుండా చివరిదాకా వింటాను. నాకు కావలసినవాళ్ల తగవైతే తీర్పు చెప్పకుండా తప్పుకుంటాను. ఎవరినైనా ఊరికే అనుమానించి ఉంటే, సాయంత్రం వాళ్లింటికి పోయి తప్పయిందని చెప్పి, వాళ్ల పిల్లల కోసం ప్రార్థన చేసి వస్తాను.