బాడీ ఎవరిది?

1992లో, సంక్రాంతికి ముందు, మా నాయన ధాన్యం లారీ మీంచి పడి చచ్చిపోయాడు. పోలీసు కేసు గనక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం దాకా మార్చురీ ముందు వేపచెట్టు కింద కూర్చున్నాం. ఒకాయన రిజిస్టరు పట్టుకొని బయటికొచ్చి 'బాడీ ఎవరిది?' అని అరిచాడు. 'మాదే సార్' అంటా లేచాను. డిగ్రీ చదివేవాణ్ణి, తడుముకోకుండా అన్నాను. మా అమ్మ నా మొహంలోకి అదోలా చూసింది.

మాది! గొడ్డు మాది, గుడిసె మాది. నాయన మావాడు కదా. ఒక్క ఇంగ్లీషు మాటకి నాయన వస్తువైపోయాడు, చేసింది నా నోరే. (బతికున్న మన ఆడవాళ్లను 'అది' అని పిలిచే ఊళ్లో ఇదేం వింత అంటారా, అదీ నిజమే.)

ఇంగ్లీషువాడికి బాడీ అంటే చచ్చిన పీనుగొక్కటే కాదు, బతికున్న ఒళ్లు కూడా. మనిషి కూడా. సమ్‌బడీ అంటే ఎవరో ఒకరు. నోబడీ అంటే ఎవరూ కారు, లెక్కలో లేనివాడు. హెబియస్ కార్పస్‌లో కార్పస్ అన్నా శరీరమే. పట్టుకుపోయిన మనిషిని తెచ్చి జడ్జి ముందు నిలబెట్టమని అడగటం అది. ఎన్‌కౌంటర్ల కాలంలో హక్కుల సంఘాలవాళ్లు ఆ మాట పట్టుకునే కోర్టు మెట్లెక్కారు. అంటే ఆ మాటలో ప్రాణం ఉంది. మన వాడకి వచ్చేటప్పటికే చచ్చి వచ్చింది. ఒళ్లునొప్పులకి ఆరెంపీ దగ్గర 'బాడీ పెయిన్స్' అంటాంలే గానీ, 'బాడీ వచ్చిందంట' అంటే వాడంతా లేచి నిలబడేది ఎందుకో అందరికీ తెలుసు.

బతికున్నప్పుడు మన ఒంటికి మాటల్లేవా? ఉన్నాయి. ఒళ్లొంచి పనిచెయ్యాలి. ఇస్త్రీ చొక్కా తొడిగితే ఒళ్లు బలిసినట్టు. పనికి కావాల్సినవి రెక్కలు, నడుం. మొత్తం మనిషి ఎవడికీ అక్కర్లేదు.

చావు ముందు అందరూ సమానమే అని మా లెక్చరరు ఒకాయన అనేవాడు. పేపరు తీసి చూడండి. నాయకుడిది పార్థివదేహం, భౌతికకాయం. మనవాడిది శవం. చావు కబురు ఊరూరా మోసిందీ, డప్పు కొట్టిందీ, గొయ్యి తవ్విందీ మనవాళ్లే. మా నాయన్ని కోసి కుట్టినాయనా మనవాడే. సీసా డబ్బులు అడిగాడు. నాకు కోపం రాలేదు. తాక్కుండా బతకమని చెప్పిన దేశంలో, అందరి పీనుగుల్నీ తాకే పని ఆయనకిచ్చారు. తాగకుండా ఎవడు చేస్తాడు?

అంతకు ముందు ఏడు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. నరికి, గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర కాలవలో పడేశారు. మా హాస్టల్లో రాత్రుళ్లు నిద్రల్లేవు. ఎవరు బయటినించొచ్చినా మేం అడిగింది ఒకటే: 'ఇంకా ఎన్ని బాడీలు దొరికాయి?' పోలీసులు అడిగితే తప్పు పట్టేవాళ్లం. అడిగింది మేము. ఒక్కడి పేరన్నా అడగలేదు. ఆ ఎనిమిది మందినీ ఊరి నడుమ పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలింది. బాడీలున్నాయి, చంపినవాళ్లే లేరన్నమాట. నోబడీ.

మాటదేముంది, పని చూడాలి అనే మిత్రులున్నారు. ఆ మాట పలికినప్పుడు నా లోపల ఏం చచ్చిందో వాళ్లకి చెప్పటం కష్టం.

ఆవేళ రిజిస్టర్లో నంబరు, మగ, వయసు యాభై సుమారు అని రాసి, సంతకం పెట్టమని నాకిచ్చాడు. మా అమ్మ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి ఆపింది. 'పేరు రాయయ్యా' అంది. 'బాడీకి నంబరుంటే చాలమ్మా' అన్నాడాయన. 'నంబరుతో నేను కాపరం చెయ్యలేదు' అంది. విసుక్కుంటానే రాశాడు. అమ్మకి చదువు రాదు. నన్ను బయటికి చదవమంది. ఇంటిపేరుతో సహా చదివాను.