బాటసారి హక్కు

వీధి యెవరిది? ఇరుప్రక్కల నంగళ్లు పెట్టుకొన్నవారిదా, బండి నెక్కి పోవువారిదా, కాలినడకను బోవువారిదా? ప్రశ్న సులభముగాఁ గన్పట్టును. కాని యొక నగరము దీని కిచ్చిన యుత్తరమును బరిశీలించినచో, సాటి మానవునిపట్ల ధర్మమును గూర్చి యానగరవాసుల యభిప్రాయ మేమో తేటపడును.

డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగన్. ఆ పేరునకు వర్తకుల రేవని యర్థము. అందు నగరసభామందిరము ముందఱి మైదానము మొదలుకొని కాంగెన్స్ నూటోర్వ్ అను చౌకమువఱకుఁ గొన్ని పాతవీధు లొకదానివెంట నొకటి చేరి, కిలోమీటరునకుఁ బైగా సాగుచున్నవి. వీని కన్నిటికిని గలిపి స్ట్రాయెట్ అని వాడుక. ఇరుకైన యీ దారిలో మోటారుబండ్లు నిండి నడక దుర్భరము కాఁగా, 1962 నవంబరు 17వ తేదీన నగరపాలకులు దానిని బండ్లకు మూసి పాదచారులకు విడిచిరి. పరీక్షార్థమై చేసిన యేర్పాటు 1964లో స్థిరపడెను.

వర్తకులు భయపడిరి. బండ్లు రానిచోఁ గొనువారును రారనిరి. వీధులలోఁ గాలక్షేపము చేయుట యిటలీవారికిఁ జెల్లును గాని చలిదేశమువారమైన తమకుఁ జెల్లదని కొందఱు వాదించిరి. జరిగినది వేఱు. జనులు వచ్చిరి, బేరములు పెరిగెను. 1962లో నగరమధ్యమున నడచువారికి విడిచిన స్థలము 15,800 చదరపు మీటర్లు. 2005 నాఁటి కది లక్ష చదరపు మీటర్లకు దాపయ్యెను.

ఈ కథ చెప్పువారు సాధారణముగా నిచ్చట నాపి, ధర్మమును లాభమును గలిసియే నడచునని సంతోషింతురు. మాకు మాత్ర మసలు ప్రశ్న యిచ్చటనే మొదలగుచున్నది. బేరములు తగ్గియుండినచో? వృద్ధుఁడు నిర్భయముగా నడచుట తప్పయ్యెడిదా? తల్లి బిడ్డచేయి విడిచి నిలుచుట దోష మయ్యెడిదా? లాభమును సాక్షిగాఁ బిలువవచ్చును. న్యాయపీఠమునఁ గూర్చుండఁ బెట్టరాదు. ఆ న్యాయాధిపతి నేఁ డొక తీర్పును, రేపొక తీర్పును జెప్పును. స్ట్రాయెట్‌లోనే చూడుఁడు. జనసమ్మర్దము పెరిగినకొలఁది నద్దెలు పెరిగెను. దేశదేశముల శాఖలు గల కంపెనీల దుకాణములు వచ్చెను. చిన్నయంగడివానికి నిలువ నీడ కఱవయ్యెను. లాభమే ప్రమాణమైనచో దీనికిని దలయొగ్గవలసినదే గదా!

కావున హక్కునకు వేఱొక మూలమును వెదకవలెను. ఎవరికి దారి విడువవలయునో మనుస్మృతి ద్వితీయాధ్యాయమునఁ జెప్పఁబడినది. బండిలోనివాఁడు, తొంబదేండ్లు దాటిన వృద్ధుఁడు, రోగి, బరువు మోయువాఁడు, స్త్రీ, స్నాతకుఁడు, రాజు, పెండ్లికుమారుఁడు అని వరుస. బండివాఁడు మొదట నున్నాఁడని మోటారు యజమాని సంతసింపఁ బనిలేదు. రాజును స్నాతకుఁడును గౌరవముచేతఁ జేరినవారు. అట్టి మర్యాదలు కాలముతోఁ బోవును, పోవలెను. వృద్ధుఁడును, రోగియు, బరువు మోయువాఁడును జేరుటకు హేతువు వేఱు: తొలఁగుట యెవరికిఁ గష్టమో వారికి దారి యీవలెను. ఆ కాలపు బండికిఁ దొలఁగుట కష్టమే. నేఁటి మోటారో చేతిచక్రము త్రిప్పినంతనే తొలఁగును. తొలఁగనినాఁడు దెబ్బ తినువాఁడు నడచువాఁడే. శబ్దమును విడిచి న్యాయమును బట్టుదుమేని, నేఁడు ముందుగా దారి పొందవలసినవాఁడు బాటసారి.

బండి లేక కదలలేని రోగి మాటేమని యడుగవచ్చును. నియమమును బుట్టించిన న్యాయమే దాని మినహాయింపును గూడఁ బుట్టించును. స్ట్రాయెట్‌లో నుదయపువేళ సరకులబండ్లకుఁ బ్రవేశము గలదు. సరకున కిచ్చిన మన్నన మానవునకు నిరాకరింపఁ దగునా?

యాన్ గేల్ అను డేనిష్ వాస్తుశిల్పి యీ నగరపు వీధులలో జనుల నడకను నిలుకడను జిరకాలము గమనించి, 1971లో నొక గ్రంథము ప్రకటించెను. మనుష్యులను మిక్కిలి యాకర్షించునది సాటి మనుష్యులే యని యాయన గ్రహించెను. ఇది నిజమైనచో వీధి యంగడికిఁ బోవు త్రోవ మాత్రమే కాఁజాలదు. అది మనుష్యుఁడు మనుష్యునిఁ జూచుచోటు. అట్టి వీధి బాగోగులను దెలిసికొనుటకు దుకాణముల లెక్కపుస్తకములు చాలవు. ఏమియుఁ గొనఁజాలని వాఁ డందొక బల్లపైఁ గూర్చుండి, లెమ్మను మాట వినక యెంతసేపు విశ్రమింపఁగలఁడో చూడవలెను.