ఒకే రంగు, ఒకే గౌరవం



జూన్ రాగానే తణుకు బట్టల కొట్లలో యూనిఫారాల సందడి మొదలవుతుంది. అందరికీ ఒకే రంగు ఎందుకు? షావుకారు బిడ్డా, కూలివాని బిడ్డా తేడా తెలియకుండా ఒకే బెంచీ మీద కూర్చోవాలని. ఉద్దేశం మంచిదే. కాని తేడాను కప్పడం వేరు, సమానంగా గౌరవించడం వేరు.

2020 అక్టోబరు 8న ప్రారంభమైన విద్యాకానుక పథకం ప్రభుత్వ బడి పిల్లలకు మూడు జతల బట్టతో పాటు బూట్లు, సాక్సులు, బెల్టు, సంచీ కూడా ఇచ్చింది. 2024లో అది 'విద్యార్థి మిత్ర'గా పేరు మార్చుకుంది. బూట్లెందుకంటారా? చొక్కాలు ఒకటే అయినా వట్టికాళ్లు ఇంటి పేదరికాన్ని చెప్పేస్తాయి.

న్యాయమంటే ఎవరికి తగినది వారికివ్వడమని అరిస్టాటిల్ కాలం నుండి తత్వవేత్తలు చెబుతూనే ఉన్నారు. మన డెల్టా ఉక్కపోతలో పసివాని మెడకు టై, ఒంటికి పాలిస్టరు తగినవేనా? ఎదిగే ఆడపిల్ల సంకోచం లేకుండా పరుగెత్తగల దుస్తులేనా అవి? తొడుక్కునేవారిని ఎవరైనా అడిగారా?

టై లేదని బిడ్డను తరగతి బయట నిలబెడితే, కలపవలసిన గుడ్డే వెలివేస్తుంది. బడి పెద్దలు రంగు ఎంచేముందు, ఊళ్లో అందరికంటే పేద ఇంటి తల్లిని ఒక్కమాట అడగాలి: "అమ్మా, ఇది కొనగలవా?"