విద్యావిక్రయము ధర్మమా?

విద్య భగవత్స్వరూపమని పెద్దలు చెప్పుదురు. భగవంతుని వెలకట్టి అమ్ముట ఎవరికిని తగదు. అయినను విద్వాంసునికి ఆకలి కలదు. అతని ఇంట ఆలుబిడ్డలు కలరు. శాస్త్రము చెప్పి ద్రవ్యము గ్రహించినవాడు శాస్త్రమును అమ్మినవాడగునా? గ్రహింపనివాడు సంసారమును ఈదుట యెట్లు? పురాణశ్రవణమునకు, పారాయణమునకు సంభావన ఇచ్చు గృహస్థుని యెదుటను, దానిని పుచ్చుకొను విద్వాంసుని యెదుటను ఈ ప్రశ్న నిలిచియే యున్నది.

ఓరుగల్లు సీమలో ఈ ప్రశ్న వినినంతనే స్ఫురించు పేరు బమ్మెర పోతనామాత్యునిది. నేటి జనగామ జిల్లాలో పాలకుర్తికి సమీపముననున్న బమ్మెర ఆ మహాకవి గ్రామమని ఇచ్చటివారి విశ్వాసము. 15వ శతాబ్దికి చెందిన పోతన నాగలి పట్టి పొలము దున్నుకొని జీవించెననియు, రాచకొండ ప్రభువగు సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును తనకు అంకితమిమ్మని కోరగా నిరాకరించెననియు గాథ. తన్ను రాజులకు అమ్ముదురేమో యని సరస్వతి కంటతడి పెట్టగా పోతన ఆ తల్లిని ఓదార్చెనని కూడ చెప్పుదురు. ఈ గాథలలో చరిత్ర పాలెంతయో పండితులు తర్కింతురు గాక. పోతన తన భాగవతమును ఏ రాజునకును అంకితమీయక భగవంతునికే సమర్పించెననుట మాత్రము నిర్వివాదము.

ఇట్టి వ్రతమును పట్టినవారు అన్యదేశములందును, అన్యమతములందును కలరు. యూదులలో శాస్త్రగురువును ‘రబ్బీ’ యందురు. వారి మూలగ్రంథమైన తోరా హీబ్రూ భాషలో నున్నది. దానిని ఆశ్రయించిన ధర్మనిర్ణయములు చాలకాలము మన వేదమువలెనే గురుముఖమున సాగి, క్రీ.శ. 200 ప్రాంతమున ‘మిష్నా’ అను గ్రంథముగా కూర్చబడినవి. దానిపై సాగిన చర్చలే ‘తాల్ముడ్’. తోరాను గొప్పతనమునకు అలంకారముగా గాని, పొట్టకూటికి పనిముట్టుగా గాని వాడరాదని రబ్బీ జాదోకు చేసిన బోధ మిష్నాలో చేరినది.

ఆ తొలినాటి గురువులలో పెక్కురు చేతిపనులతో జీవించినవారే. 2వ శతాబ్దికి చెందిన రబ్బీ యోహానాను చెప్పులు కుట్టి జీవించుటచే ‘హసాండ్లారు’, అనగా చెప్పులు కుట్టువాడు, అను పేరుతోనే శాస్త్రగ్రంథములకెక్కెను. వృత్తి వలన ఆయన మాటకు గౌరవము తగ్గలేదు.

అంతకు పూర్వుడైన హిల్లేలు కథ తాల్ముడ్‌లో కలదు. అతడు కూలి చేసి, వచ్చిన దానిలో సగము పాఠశాల ద్వారపాలకునికిచ్చి లోనికి ప్రవేశించుచు, మిగిలిన సగముతో కుటుంబమును పోషించెడివాడు. ఒక శీతకాలమున, శుక్రవారమునాడు కూలి దొరకలేదు. ద్వారపాలకుడు లోనికి పోనీయలేదు. హిల్లేలు పైకప్పునెక్కి గవాక్షము కడ చెవియొగ్గి పాఠము వినుచుండగా మంచు కురిసి అతనిని కప్పివేసినది. తెల్లవారిన పిమ్మట గురువులు తలయెత్తి చూచి, అతనిని దింపి, స్నానము చేయించి, నిప్పు కడ కూర్చుండబెట్టిరి. ఆ దినము వారికి పనులు నిషిద్ధమైన విశ్రాంతిదినము. అయినను ఇట్టివాని కొరకు ఆ నియమమును సడలింపవచ్చునని వారు తలచిరి. ఈ కథ హిల్లేలు శ్రద్ధను చాటుచున్నది. విద్య గడప కడ వెల పెట్టినచో ఎట్టి శిష్యుడు వెలుపల మిగిలిపోవునో కూడ చూపుచున్నది.

వేరొక ఘట్టము రబ్బీ యెహోషువది. ధర్మపీఠమున కధ్యక్షుడై యుండిన గమలియేలు ఈయనను సభలో అవమానించి, అందువలన పదవి కోల్పోయి, క్షమ కోరుటకై ఆయన ఇంటికి పోయెను. మసిబారిన గోడలను చూచి, వీరి వృత్తి ఇదియా యని ఆశ్చర్యపడెను. విద్వాంసులు ఏ కష్టముచే పొట్ట పోసికొనుచున్నారో ఎరుగని నాయకుడు గల తరము దురదృష్టవంతమైనదని యెహోషువ బాధపడెను, తుదకు క్షమించెను. విద్వాంసుడు చేయి చాపకుండుట అతని మహిమయే. కాని అతని పొయ్యి వెలుగుచున్నదో లేదో పెద్దలు విచారింపకుండుట వారి దోషము.

ఈ ధర్మసంకటమును మిక్కిలి కఠోరముగా అనుభవించినవాడు మోషే బెన్ మైమోన్. పాశ్చాత్యులు ఇతనిని మైమోనిడీస్ అందురు. 1138 ప్రాంతమున స్పెయిన్‌లోని కోర్డోబాలో జన్మించెను. హనుమకొండలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయిస్తంభముల గుడిని నెలకొల్పిన నాటికి ఇతడు యువకుడు. మతపీడనమునకు తాళలేక కుటుంబముతో దేశము విడిచి, మొరాకో, పాలస్తీనాల మీదుగా ఈజిప్టు చేరి, కైరో చెంతనున్న ఫుస్తాత్‌లో స్థిరపడెను. తమ్ముడు దావీదు రత్నవ్యాపారము చేసి అన్నను పోషింపగా, అన్న నిశ్చింతగా శాస్త్రవ్యాసంగము చేసెను. యూదుల ప్రాచీనగాథలలో జెబూలూను వర్తకము చేసి, విద్యావ్యాసంగపరుడైన ఇశ్శాఖారును పోషించెననియు, పుణ్యమును ఇరువురును పంచుకొనిరనియు కలదు. ఈ అన్నదమ్ములు ఆ గాథకు నిదర్శనము.

దావీదు ఎడారి దాటి ఎర్రసముద్ర తీరమందలి ఐదాబు రేవు చేరి, అచ్చట తగిన సరుకు లేకపోవుటచే భారతదేశమునకు ఓడయెక్కనున్నానని అన్నకు లేఖ వ్రాసెను. ఆ లేఖ ఫుస్తాత్ యూదమందిరమున జీర్ణపత్రములను దాచు గదిలో శతాబ్దములపాటు నిలిచి, నేడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. వ్రాసినవాడు మాత్రము మరలి రాలేదు. హిందూమహాసముద్రమున మునిగిపోయెను. అతనితో అన్న ధనమును, ఇతరుల ధనమును కూడ పోయినవి. భార్యయు, చిన్న కుమార్తెయు అన్నకు భారమైరి. మైమోనిడీస్ ఏడాదికాలము మంచము పట్టెను.

లేచిన పిమ్మట శాస్త్రపాండిత్యమునకు ఆయన జీతమడుగలేదు. వైద్యవృత్తిని చేపట్టి సుల్తాను ఆస్థానవైద్యుడయ్యెను. 1199లో తన గ్రంథమును అనువదించుచుండిన శామ్యూల్ ఇబ్న్ తిబ్బోనుకు వ్రాసిన లేఖలో తన దినచర్యను వర్ణించెను. ప్రాతఃకాలముననే కైరోకు పోయి, అపరాహ్ణమున ఇల్లు చేరి, వాకిట నిండిన రోగులకు రాత్రి వరకు చికిత్స చేయుచు, అలసటచే పరుండియే మాటలాడుచుండెను. దినమునకు ఒక్కసారియే భోజనము. 14 భాగముల ‘మిష్నే తోరా’ వ్రాసిన మహావిద్వాంసుని జీవితమిది. పనిచేయక శాస్త్రము పేర దానములపై బ్రతుకుట దైవనామమునకు కళంకమని ఆయన తీర్పు. అయితే విద్వాంసుని ధనమును వర్తకులు తమ వ్యాపారమున పెట్టి లాభము చేకూర్చుటను ఆయన ఆమోదించెను.

ఈ తీర్పును పిదపవారందరు అంగీకరింపలేదు. 1391 నాటి హింసకు మజోర్కా ద్వీపమును విడిచి అల్జీర్సు చేరిన సిమోను దురాన్ కూడ వైద్యుడే. ఆ క్రొత్తచోట వైద్యముతో ఇల్లు గడవక రబ్బీ పదవికి జీతము పుచ్చుకొనెను. అది అధర్మము కాదని గ్రంథమున సమర్థించెను. 16వ శతాబ్దిలో జోసెఫ్ కారో, విద్వాంసులను సంఘము పోషింపనిచో తోరాయే మరుగునపడునని వాదించెను. వారి ధర్మశాస్త్రమున వేరొక సూక్ష్మము కలదు. గురువునకు ఇచ్చునది బోధకు వెల కాదు. బోధకై తన పని మానుకొనిన కాలమునకు పరిహారము మాత్రమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును. అన్నము వేరు, వెల వేరు. అన్నము విద్వాంసుని నిలుపును. వెల అతని నాలుకను త్రిప్పును. ఇచ్చినవానికి నచ్చునట్లు శాస్త్రార్థము మారిన క్షణముననే విక్రయము జరిగినట్లు. శాస్త్రము మారక, పేదశిష్యుడు వాకిట నిలువకయున్నచో, గ్రహించిన సంభావన విక్రయము కాదు.

దీనికంటె ముఖ్యమైన విషయము వేరొకటి. ‘విద్యను అమ్మను’ అనుట విద్వాంసుడు తనకు తాను విధించుకొను నియమము. దానినే సంఘము ఎత్తుకొని, ‘నీవు పోతనవలె ఉండుము’ అని విద్వాంసునికి చెప్పి చేయి ముడుచుకొనినచో, అది భక్తి కాదు. లోభమునకు వేసిన తిరుమణి. అట్లే ‘నన్ను పోషించుట మీ విధి’ యని విద్వాంసుడు గద్దించినచో అది యాచనకంటె హీనము. ఎవరి ధర్మము వారు తలచుకొనవలెను గాని, ఎదుటివాని ధర్మమును ఎదుటివానికి గుర్తుచేయుచు కూర్చుండరాదు.

భాగవత సప్తమస్కంధమున నృసింహస్వామి వరము కోరుమనగా, సేవకు ఫలము కోరువాడు సేవకుడు కాడు, వర్తకుడని ప్రహ్లాదుడు విన్నవించెను. ఆ మాట పలికినవాడు సేవకుడు, స్వామి కాడు. స్వామి మాత్రము ఈయక మానలేదు. అడుగని భక్తుడు, మరువని స్వామి: ఈ రెండును కలిసినచోటనే విద్య అమ్ముడుపోకుండ నిలుచును. హరికథ వినిన గృహస్థుడు ఆ స్వామి స్వభావమును, చెప్పిన విద్వాంసుడు ఆ భక్తుని స్వభావమును అలవరచుకొందురు గాక.