మాట రాదా, మన మాట వినలేదా?

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండున్నాయి, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. ఆ చుట్టుపక్కల తండాల పిల్లలు ఇంట్లో అమ్మను 'యాడీ' అని పిలిచి బడికి వస్తారు. బడిలో అంతా తెలుగు, ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల నోరు మూసుకుంటుంది. "దీనికి మాటలు రావు" అని సారు తేల్చేస్తాడు.

చిన్నప్పుడు నన్నూ అట్లే అన్నారు. అందుకే నేను టీచరునయ్యాక తండా పిల్ల ఎవరు మాట్లాడకపోయినా "గోర్ బోలి పిల్ల గదా, తెలుగు వస్తే అదే మాట్లాడుతుంది" అని వెనకేసుకొచ్చేవాణ్ణి. ఒక పాప విషయంలో రెండేళ్లు ఇదే చెప్పాను. ఒకరోజు వాళ్లమ్మ కనబడితే, ఇంట్లో ఎట్ల మాట్లాడుతుందని మా భాషలోనే అడిగాను. "ఇంట్లో కూడా అంతే భియా. వెనక నుంచి పిలిస్తే పలకదు. చెవి కారుతది" అంది.

నన్ను మొద్దు అన్న సారుకు చిన్నచూపు ఉండె. నాకు ప్రేమ ఉండె. కానీ ఇద్దరం ఒకే పని చేశాం. పిల్లను వినకుండానే తీర్పు చెప్పాం. నేను ఆ పాపలో తండాను చూశాను, పాపను చూడలేదు. మంచి ఉద్దేశం ఉంటే తప్పు తగ్గుతుందా? పాపకైతే తగ్గలేదు.

మాటలో నిజంగా ఇబ్బంది ఉంటే అది ఇంటి భాషలోనూ కనబడుతుంది. ఇంట్లో, ఆటలో బాగా మాట్లాడి బడిలోనే మూగబోతే, చాలావరకు అది బడి భాషతో వచ్చిన చిక్కే. ఈ తేడా తెలియాలంటే తల్లిని అడగాలి, ఆమె భాషలో అడగాలి. మనలో చదువుకున్నవాళ్లు చేయగల పని ఇది.

వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో మాట, భాషల ఇబ్బందినీ చేర్చింది. తండా పిల్లకు రెండూ వర్తిస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి, బడికి డాక్టర్ల బృందం వస్తుంది, వినికిడి కూడా చూస్తారు. ఆ రోజు పిల్లను బడికి తీసుకురావాలి, పక్కన మన భాష తెలిసినవాళ్లు నిలబడాలి.

ఇంకొక మాట. ఇట్లాంటి పిల్లల తల్లిదండ్రులకు "ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని సలహా ఇస్తుంటారు. ఎంత అన్యాయం! మాట కోసం తడుముకునే పిల్ల దగ్గర నుంచి నానమ్మ మాటను కూడా లాక్కుంటే ఇక ఆమెకు మిగిలేదెవరు? పిల్లకు బాగా వచ్చిన భాషలోనే నిదానంగా, ముఖం చూస్తూ మాట్లాడాలి. నత్తి ఉన్న పిల్లవాడి మాటను మనం పూర్తి చేయకుండా ఆగాలి. దీనికి డిగ్రీ ఏమీ అక్కర్లేదు.

ఆ పాపకు చెవికి వైద్యం జరిగింది, మిషన్ కూడా పెట్టారు. ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటుంది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రెండేళ్ల సంగతి ఆమె దగ్గర నేను ఇంకా ఎత్తలేదు.