నేరకథలో న్యాయం ఎంత?

అపరాధ పరిశోధక సాహిత్యమంటే మనలో చాలామందికి చిన్నచూపు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను, రాజును రైలులో చదివి దిగేటప్పుడు సీటు మీద వదిలేసి రావలసిన సరుకుగానే లెక్కకట్టాం. పలాయన సాహిత్యమని ఒక్క మాటతో తోసిపుచ్చాం. ఐతే అభ్యుదయ కవి ఆరుద్ర కూడా ‘పలకల వెండి గ్లాసు’ అనే అపరాధ పరిశోధక నవల రాశాడు. ఒక సాహిత్య ప్రక్రియను మొత్తంగా మంచిదనో చెడ్డదనో అనడంలో అర్థం లేదు. దానిచేత ఏం చెప్పిస్తున్నామో చూడాలి.

ఇప్పుడు మంచిర్యాలలో కూర్చున్న విద్యార్థి కూడా డెన్మార్కు, స్వీడను దేశాల నేరకథా ధారావాహికలను సెల్‌ఫోనులో చూడగలుగుతున్నాడు. మంచుకూ బొగ్గుకూ పొత్తేమిటని కొట్టిపారేయకుండా, వాటిలో మనం తీసుకోదగ్గదేమిటో, తిరస్కరించవలసిందేమిటో విచారించడం అవసరం.

యీ ధారావాహికలకు మూలం నవలలో వున్నది. మై షోవాల్, పేర్ వాలూ అనే స్వీడిష్ రచయితల జంట 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి పాత్రతో పది నవలలు రాసింది. ఇద్దరూ మార్క్సిస్టులు. సంక్షేమ రాజ్యమని ప్రపంచమంతా మెచ్చుకుంటున్న స్వీడను పైపూతను గీకి, లోపల వున్న వర్గసమాజాన్ని చూపించడం వాళ్ళ ఉద్దేశం. 1991లో మొదలైన వాలండర్ నవలల్లో హెన్నింగ్ మాంకెల్, వలస వచ్చినవాళ్ళ మీద పెరుగుతున్న ద్వేషాన్ని చిత్రించాడు. ఆ వారసత్వంలో నుంచే 2007లో డెన్మార్కులో ‘ది కిల్లింగ్’, 2011లో ఆ రెండు దేశాల ఉమ్మడి నిర్మాణంగా ‘ది బ్రిడ్జ్’ వచ్చాయి.

‘ది కిల్లింగ్’ మొదటి భాగంలో ఇరవై ప్రకరణాలు, ఇరవై రోజులు. హత్య ఒక్కటే. చనిపోయిన పిల్ల తండ్రి సామాన్లు తరలించే వ్యాపారం చేసుకునేవాడు. మామూలు నేరకథలో శవం ఒక చిక్కుముడి మాత్రమే. మొదటి పేజీలో దొరుకుతుంది, మూడో పేజీకి మరిచిపోతాం. ఇక్కడ అలా జరగదు. తల్లి వంటగదిలో నిలబడిపోవడం, తమ్ముళ్ళకు సంగతి చెప్పలేకపోవడం, అంత్యక్రియల ఖర్చు చూసుకోవడం, అన్నీ మనం చూస్తాం. అనుమానం మొదట వలస కుటుంబానికి చెందిన ఒక ఉపాధ్యాయుని మీద పడుతుంది. చనిపోయిన పిల్ల తండ్రి అతన్ని చావబాదుతాడు. అతను నిరపరాధి అని తరవాత తేలుతుంది. సత్యం నిదానంగా తేలవలసిన వస్తువని, తొందరపడితే మరొక అన్యాయం జరుగుతుందని ప్రేక్షకునికి అనుభవంలోకి వస్తుంది. యీ ధారావాహికల అసలు బలం ఇదే.

ఆ నిదానం విలువ మన ప్రాంతంలో మరీ బాగా తెలియాలి. 2019 నవంబరు 24న ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిల్లర సామాను అమ్ముకునే దళిత స్త్రీని చెరిచి చంపారు. మూడు రోజుల తరవాత హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలికి అదే గతి పట్టింది. రెండో ఘోరానికి దేశమంతా కదిలింది. మొదటిదానికి అంత కదలిక రాలేదు. డిసెంబరు 6న రెండో కేసులోని నలుగురు నిందితులనూ పోలీసులు చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో వెల్లడైన నివేదికలో తేల్చింది. లింగాపూర్ కేసులో మాత్రం ఆదిలాబాదు ప్రత్యేక కోర్టు విచారణ జరిపి 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష విధించింది. మరణశిక్ష తగునా అన్నది వేరే చర్చ. ఆ పేదరాలికి జరిగింది కనీసం సాక్ష్యంగా నమోదైంది. దేశమంతా ఎవరికోసం ఏడ్చిందో ఆమె కేసులో నిందితులతోపాటే విచారణ కూడా చచ్చిపోయింది. క్షణంలో న్యాయం కోరిన జనం సత్యాన్ని పోగొట్టుకున్నారు. తుపాకి మోతకు చప్పట్లు కొట్టించే మన సినిమాలు ఆ జనాన్ని తయారుచేయడంలో పాలుపంచుకోలేదని అనగలమా?

ఎవరి శవానికి విలువ అన్న ప్రశ్నను ‘ది బ్రిడ్జ్’ సూటిగానే వేసింది. రెండు దేశాలను కలిపే వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత మీద ఒక శవం దొరుకుతుంది. ఎత్తబోతే అది రెండు శవాల సగాలు. పైభాగం స్వీడనులో ఒక రాజకీయ నాయకురాలిది. కింది భాగం డెన్మార్కులో ఒళ్ళమ్ముకుని బతికిన ఒక స్త్రీది. రెండో ఆమె కనబడకుండా పోయి చాలా కాలమైనా, పోలీసులు ఆ కేసును మూలన పడేశారు. చట్టం ముందు అందరూ సమానులు కారని హంతకుడే చాటుతాడు. ఇంతకన్నా బలమైన ఆరంభం ఊహించలేం.

ఐతే బలహీనత కూడా ఇక్కడే బయటపడుతుంది. సమాజం గురించిన సత్యాన్ని హంతకుని నోట పలికించారు. పోనీ, అతనైనా దానికోసం నిలబడ్డాడా? చివరికి చూస్తే అదంతా తెర. అసలు కారణం ఒక పోలీసు అధికారి మీద సొంత పగ. అసమానత గురించి ఆలోచించడం మొదలుపెట్టిన ప్రేక్షకునికి, ఒక ఉన్మాది పట్టుబడగానే సమస్య తీరిపోయిందన్న తృప్తి కలుగుతుంది. ‘ది కిల్లింగ్’లోనూ అంతే. నగరపాలక రాజకీయాల చుట్టూ తిరిగిన కథ, కుటుంబానికి సన్నిహితుడైన ఒక వ్యక్తి మనసులోకి ముడుచుకుపోతుంది. ప్రశ్న సమాజానిది, జవాబు వ్యక్తిది.

రెండో లోపం మరింత లోతైనది. యీ కథలలో పోలీసు అలిసిపోవచ్చు, తప్పు చేయవచ్చు. సత్యాన్ని వెతికేవాడు మాత్రం చివరకు అతనే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే పదమూడు మంది చనిపోయారు. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పాలు కాకూడదని 1970లో వచ్చిన ఒకటో నిబంధన కాగితం మీద వుండగా, భూమి చేతులు మారుతూనే వచ్చింది. యీ నేరాన్ని పరిశోధించవలసిన డిటెక్టివ్ ఎవరు? హంతకుడెవరని అడిగే కథ, చంపించిన వ్యవస్థను పట్టుకోలేదు. గని కప్పు కూలి కార్మికుడు చనిపోతే అక్కడ వేలిముద్రలు దొరకవు.

అది ఆ ప్రక్రియకే చేతకాదని మాత్రం అనలేం. 1971లో షోవాల్, వాలూ రాసిన నవలలో హతుడే క్రూరుడని పేరుపడ్డ పోలీసు అధికారి. హంతకుడు, పోలీసు కొట్టులో భార్య చనిపోయిన ఒక మాజీ పోలీసు. పరిశోధన సాగినకొద్దీ ముద్దాయి బోనులోకి పోలీసు వ్యవస్థే వచ్చి నిలబడుతుంది. ఆ తెగువను టెలివిజన్ వారసులు చాలావరకు వదిలేసి, చీకటినీ మంచునూ మిగుల్చుకున్నారు.

మన రచయితలు నేరకథ రాయదలుచుకుంటే ఆ చీకటిని అనుకరించనక్కరలేదు. చనిపోయిన మనిషికిచ్చే సమయాన్ని, సాక్ష్యం మీది గౌరవాన్ని తీసుకోవాలి. నేరస్థుడు దొరికిన తరవాత కూడా కథ ముగించకుండా, అతన్ని తయారుచేసినవాళ్ళూ ఆ శవాన్ని మూలన పడేసినవాళ్ళూ ఎవరని అడగాలి. లింగాపూర్ స్త్రీ కథ అలా రాయగలిగిననాడు అపరాధ పరిశోధన మన సాహిత్యంలో కాలక్షేపంగా మిగిలిపోదు.