పొగతో తిరుగు చక్రము

అమెరికాలోని మిషిగన్ వంటి చలిసీమలలో శీతకాలమున మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అది ఇనుమును తినివేయును గనుక కొందరు తమ స్పోర్ట్సు కారును షెడ్డులో నిలిపి, ఎండలు వచ్చులోగా దాని బలము పెంచ జూతురు.

టర్బో అనగా, మన ఆయిలింజను గొట్టమున వృథాగా పోవునట్టి పొగతోనే తిరుగు చిన్న చక్రము. నిమిషమునకు లక్ష చుట్లు మించి తిరిగి ఇంజనులోనికి గాలిని ఒత్తి పంపును. స్విట్జర్లాండువాడైన ఆల్ఫ్రెడ్ బూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. పారవేయుదానిని పనికి తెచ్చిన ఆ బుద్ధిని మేము మెచ్చుకొందుము.

అయితే ఒత్తిడి పెంచుట మిక్కిలి సులభము; శోధనయు అక్కడనే యున్నది. గాలికి తగినంత పెట్రోలు అందనియెడల లోపలి మంట అదుపు తప్పి పిస్టనును పగులగొట్టవచ్చును. ఇంజను పోయిన మరియొకటి కొనవచ్చును. బ్రేకులు పాతవే యుండగా వేగము మాత్రము పెరిగినయెడల, ప్రక్కన కూర్చుండు భార్యాబిడ్డల మాటేమి? లెక్క చూడక గోపురము మొదలుపెట్టినవాని సంగతి లూకా 14వ అధ్యాయములో చదివితిమి గదా. కాబట్టి బ్రేకులు మొదట, తరువాత పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఒత్తిడి ఆఖరున.